బోరుకు వచ్చిన బండి

సైలెన్సరునుండి నీలిపొగ వెడలుచు, ఎత్తెక్కలేక ఇంజను ఆయాసపడునప్పుడు మన మెకానిక్కులు పలుకు మాట యొక్కటే: “బండి బోరుకు వచ్చినది.” తొలుచుట యను నర్థముగల ప్రాచీనాంగ్ల ధాతువునుండి జనించి, లాటిను ‘ఫోరారే’తో చుట్టరికము గల ఈ ‘బోరు’ పదము మన నాట గొట్టపుబావికిని, పిస్టను సంచరించు సిలిండరు గర్భమునకును గూడ పేరైనది. కోతకు వచ్చిన చేను అన్నట్లే, బోరుకు వచ్చిన బండి యనగా మరల తొలిపింపవలసిన దశకు వచ్చినదని భావము. పరభాషాపదము మన నుడికారమున నింత హాయిగా నొదిగిన సందర్భములు అరుదు.

సిలిండరులో పిస్టనుయొక్క పైరింగు ఆగి వెనుదిరుగు చోటనే అరుగుదల యధికము; దానిపైన అరుగక మిగిలిన అంచు గోటికి స్పష్టముగా తగులును. అమెరికాలో ఇంటి గ్యారేజీలయందు పాత షెవర్లే కార్లను పునర్నిర్మించి, 1320 అడుగుల డ్రాగ్ పందెమునకు సిద్ధపరచు ఔత్సాహికులు మొదట తడవి చూచునది ఈ యంచునే. 350 ఘనాంగుళముల వి-8 ఇంజనుయొక్క 4 అంగుళముల బోరును, అంగుళమున వేయింట 30 వంతులు పెంచి, తగిన పిస్టన్లను అమర్చినచో, పరిమాణము సుమారు 355 ఘనాంగుళములగును. అయినను అసలు లాభము ఆ యైదు ఘనాంగుళములు కావు. క్రొత్తగోడకు రింగులు చక్కగా నతుకుకొని, వాయువుల యొత్తిడిని జాఱిపోనీయకుండుటయే.

ఇంతటి యర్థమును మోయు పలుకుబడిని అన్యదేశ్యమని త్రోసివేయక, నిఘంటుకారులు ‘బోరుకు వచ్చు’ను ప్రత్యేకముగా చేర్చుకొందురు గాక.