లింకుల ఇచ్చిపుచ్చుకోళ్లలో జాగ్రత్తలు: తెలుగు సంఘాల వెబ్‌సైట్లకు ఒక కరదీపిక

"మీ వెబ్‌సైటులో మా లింకు పెట్టండి, మా వెబ్‌సైటులో మీ లింకు పెడతాం." తెలుగు సంఘాల వెబ్‌సైట్లు నడిపేవారికి ఇలాంటి ఈమెయిళ్లు కొత్త కాదు. కొన్ని నిజంగానే సోదర సంఘాల నుంచి వస్తాయి. చాలా వాటికి మాత్రం మన భాషతో గాని, మన ఊరితో గాని ఏ సంబంధమూ ఉండదు. ఏది ఒప్పుకోవాలో, ఏది వద్దనాలో తెలియక అన్నింటికీ సరే అనేసిన సంఘాలు తరువాత ఇబ్బంది పడతాయి.

ఇది చిన్న సంగతిగా కనిపించవచ్చు. కాని బళ్లారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపూర్‌లోనో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబానికి కొన్ని ప్రశ్నలుంటాయి. పిల్లలకు తెలుగు ఎక్కడ నేర్పుతారు? భాషా అల్పసంఖ్యాక విద్యార్థిగా దరఖాస్తు ఎలా పెట్టాలి? ఉగాది సభ ఎక్కడ? ఇలాంటి వాటికి జవాబు చాలాసార్లు స్థానిక సంఘం వెబ్‌సైటులో తప్ప మరెక్కడా దొరకదు. ఆ సైటు వెతుకులాటలో కనబడకుండా పోయినా, తెరవగానే పేకాట ప్రకటన ఎదురైనా నష్టపోయేది ఆ కుటుంబమే.

లింకుకు విలువ ఎలా వచ్చింది?

లింకుల మార్పిడి గూగుల్ కంటే పాతది. 1996లో అమెరికాలో మొదలైన లింక్ ఎక్స్‌ఛేంజ్ అనే సంస్థ, చిన్న వెబ్‌సైట్లు ఒకరి బ్యానరు మరొకరు వేసుకునే ఏర్పాటు చేసింది. 1998లో మైక్రోసాఫ్ట్ దానిని 26.5 కోట్ల డాలర్లకు కొన్నది. అప్పట్లో లింకు అంటే దారి చూపే బాణం గుర్తు మాత్రమే. ఎవరైనా నొక్కితే రెండో సైటుకు వెళతారు, అంతే.

అదే 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ పేజ్‌ర్యాంక్ పద్ధతిని ప్రకటించారు. ఒక పేజీకి ఎన్ని పేజీలు లింకు ఇస్తున్నాయి, ఆ ఇచ్చేవి ఎంత విలువైనవి అన్న లెక్కతో పేజీ ప్రాముఖ్యాన్ని అంచనా వేయడం ఇందులోని కీలకం. మనం పెళ్లి సంబంధానికి ఆరా తీసేటప్పుడు పదిమంది చెప్పారా అన్నదే కాక, చెప్పినవారు ఎలాంటివారని కూడా చూస్తాం. గూగుల్ చేసిందీ అలాంటి పనే.

దాంతో లింకు బాణం గుర్తుగా మిగలలేదు, పూచీ సంతకంగా మారింది. చీటీ పాడుకున్నవారికి పూచీ పెట్టేముందు మనిషిని చూసి, ఇల్లు చూసి సంతకం చేస్తాం. లింకు ఇవ్వడానికీ అంత చూపు అవసరం.

నియమం ఏమిటి?

సోదర సంఘాలు పరస్పరం లింకులు ఇచ్చుకోవడాన్ని గూగుల్ తప్పు పట్టదు. వెతుకులాటలో పైకి రావడం కోసమే అతిగా చేసుకునే మార్పిడిని, డబ్బిచ్చి కొన్న లింకులను, మార్పిడి కోసమే తయారుచేసిన పేజీలను మాత్రం స్పామ్‌గా లెక్కిస్తుంది. "అతిగా" అంటే ఎన్ని అన్న అంకె ప్రకటించలేదు. కాబట్టి మనం పెట్టుకోదగ్గ కొలత ఒకటే: గూగుల్ అనేదే లేకపోయినా ఈ లింకు మన పాఠకులకు ఉపయోగపడుతుందా? అవును అయితే ఇవ్వండి. కాదు అయితే ఎంత మర్యాదగా అడిగినా వద్దు.

ఉల్లంఘనకు ఫలితం ఎలా ఉంటుందో 2011 ఫిబ్రవరిలో అమెరికా దుకాణాల సంస్థ జేసీ పెన్నీ విషయంలో లోకమంతా చూసింది. సంబంధం లేని వేలాది పేజీల నుంచి ఆ సంస్థకు లింకులు ఉన్నాయని న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. గూగుల్ చర్య తీసుకోగానే ఒక ప్రయాణపు పెట్టె వెతుకులాటలో మొదటి స్థానంలో ఉన్న ఆ సంస్థ 71వ స్థానానికి పడిపోయింది. తరువాత 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే మార్పుతో కృత్రిమ లింకులను పట్టే పని యంత్రానికే అప్పగించారు. 2016 నుంచి అది గూగుల్ ప్రధాన వ్యవస్థలో భాగమై నిరంతరం నడుస్తోంది.

ఎక్కడెక్కడ దెబ్బ తింటారు?

1. సంబంధం లేని సైట్లు. అప్పుల యాప్‌లు, జూదం, బరువు తగ్గించే మందులు అమ్మే సైట్లు సంఘాల సైట్ల వెంట పడతాయి. ఏళ్లుగా ఉన్న సైటు, నిజాయతీగల పేరు, పర్యవేక్షణ తక్కువ కావడం వాటిని ఆకర్షిస్తాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలతో పాటు వాటి ప్రకటనలనూ నిషేధించింది. ప్రకటనలకు రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. డబ్బు తీసుకుని పెట్టిన లింకు ప్రకటన కాదని వాదించడం కష్టం.

2. చేతులు మారిన డొమైన్లు. అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకోవలసింది ఇదే. సంఘం కార్యవర్గం మారినప్పుడు డొమైన్ పునరుద్ధరణ మరిచిపోతారు. గడువు దాటిన ఆ పేరును ఎవరో కొనుక్కుని, పాత గౌరవం మీద జూదం సైటు నడుపుతారు. నిన్నటిదాకా సోదర సంఘానికి వెళ్లిన మీ లింకు ఈ రోజు అక్కడికి వెళుతుంది. మీరు ఒక్క అక్షరం మార్చకుండానే మీ పూచీ వేరొకరికి చేరిపోయింది. గడువు తీరిన డొమైన్లను ఇలా వాడుకోవడాన్ని 2024 మార్చిలో గూగుల్ ప్రత్యేకంగా స్పామ్ జాబితాలో చేర్చింది.

3. వందల లింకుల పేజీ. "మిత్ర సైట్లు" పేరుతో వరుసగా మూడు వందల లింకులు పేర్చిన పేజీ పాఠకుడికి దారి చూపదు. అందులో మీ సోదర సంఘం లింకు కూడా కలిసిపోయి కనబడదు.

4. ముక్కోణపు మార్పిడి. నేరుగా ఇచ్చిపుచ్చుకుంటే తెలిసిపోతుందని, "మీరు మా మొదటి సైటుకు ఇవ్వండి, మా రెండో సైటు మీకు ఇస్తుంది" అంటారు. దాచవలసిన అవసరం ఉన్న ఏర్పాటు అంటేనే అనుమానించాలి.

5. ఒకవైపు మాత్రమే నడిచే ఒప్పందం. మీరు ముఖపేజీలో లింకు పెడతారు. వాళ్లు ఎవరూ తెరవని మూల పేజీలో పెడతారు, లేదా ఆ పేజీని సెర్చ్ ఇంజన్లు చేర్చుకోకుండా నోఇండెక్స్ గుర్తు తగిలిస్తారు. కొందరు నెల తిరగకుండానే తీసేస్తారు.

6. ఉచిత వ్యాసం. "మీ సైటుకు మంచి వ్యాసం రాసిస్తాం, చివర ఒక్క లింకు ఉంచండి చాలు" అనే బేరం. వ్యాసం పండుగ గురించి ఉంటుంది, లింకు బంగారంపై అప్పులిచ్చే సంస్థకు పోతుంది.

7. కోడు ముక్క. మామూలు లింకు బదులు "ఈ కోడు అతికించండి, పంచాంగం కనిపిస్తుంది" అంటారు. ఆ కోడు బయటి సర్వరు నుంచి నడుస్తుంది. రేపు అక్కడ ఏం మారిస్తే మీ పేజీలో అదే కనబడుతుంది. లింకు ఇవ్వడం వేరు, ఇంటి తాళం ఇవ్వడం వేరు.

ఒప్పుకునే ముందు చూడవలసినవి

ఈ పరీక్షలకు సాంకేతిక పరిజ్ఞానం అక్కర్లేదు. పావుగంట చాలు.

అడిగినవారి సైటును ఫోనులోనూ, కంప్యూటరులోనూ తెరిచి చూడండి. ముఖపేజీతో ఆగకుండా లోపలి నాలుగు పేజీలు చదవండి. నిర్వాహకుల పేర్లు, చిరునామా, ఇటీవలి కార్యక్రమాలు ఉన్నాయా?

గూగుల్‌లో సైట్ అనే ఇంగ్లీషు పదం, దాని పక్కన కోలన్ గుర్తు, ఖాళీ వదలకుండా ఆ డొమైన్ పేరు టైపు చేయండి. గూగుల్‌కు తెలిసిన ఆ సైటు పేజీలు వస్తాయి. పక్కన క్యాసినో, లోన్ వంటి మాటలు చేర్చి మళ్లీ వెతకండి. హ్యాకింగుకు గురైన సైట్లలో నిర్వాహకులకే తెలియని చెత్త పేజీలు ఇలా బయటపడతాయి. మీ సొంత సైటుకూ ఈ పరీక్ష చేయండి.

వేబ్యాక్ మెషీన్‌లో ఆ డొమైన్ పాత రూపం చూడండి. ఐదేళ్ల క్రితం మరాఠీ వంటల సైటుగా ఉండి ఇప్పుడు తెలుగు వార్తల సైటు అయితే చేతులు మారిందని అర్థం.

చివరగా, ఈమెయిలు మీద ఆధారపడకుండా ఆ సంఘంలో తెలిసినవారికి ఫోను చేయండి. మన సంఘాల మధ్య ఉన్న ముఖపరిచయం ఏ సాఫ్ట్‌వేరుకూ లేదు.

లింకు ఎలా ఇవ్వాలి?

లింకు పక్కన ఒక వాక్యం రాయండి. ఉత్త పేరు కాకుండా "బరంపురంలో తెలుగు తరగతుల వేళలు ఇక్కడ చూడవచ్చు" అని రాస్తే చదివేవారికి అది ఎందుకో తెలుస్తుంది. విషయం ఉన్న చోటే లింకు ఉండాలి. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత అల్పసంఖ్యాక భాషా విద్యార్థుల పరీక్షల గురించి రాస్తుంటే, ఆ ఉత్తర్వుల ప్రతులు ఉంచిన సంఘం పేజీకి అక్కడే లింకు ఇవ్వాలి. అన్ని పేజీల అడుగున అతికించిన లింకు కంటే ఇది పాఠకుడికి వందరెట్లు మేలు.

డబ్బు గాని, వస్తువు గాని తీసుకుని పెట్టిన లింకైతే దాన్ని ప్రకటన అని తెలుగులో స్పష్టంగా రాయండి. కోడులో స్పాన్సర్డ్ గుర్తు చేర్చమని సైటు చూసే కుర్రాడికి చెప్పండి. 2005లో వచ్చిన నోఫాలో గుర్తు, 2019లో చేరిన స్పాన్సర్డ్, యూజీసీ గుర్తులు ఇందుకే ఉన్నాయి. "ఈ లింకుకు మా పూచీ లేదు" అని గూగుల్‌కు చెప్పే పద్ధతి అది. ఉగాది సభకు చందా ఇచ్చిన నగల దుకాణానికి కృతజ్ఞతగా లింకు ఇవ్వడంలో తప్పు లేదు. ఈ గుర్తు పెడితే సరిపోతుంది.

సోదర సంఘాల మధ్య అయితే నాలుగు మాటలు రాతలో ఉంచుకోవడం మంచిది: ఏ పేజీలో పెడతారు, ఎవరు బాధ్యులు, డొమైన్ మారితే ఎవరికి తెలపాలి, అభ్యంతరం వస్తే వెంటనే తీసే హక్కు ఇద్దరికీ ఉంటుంది. కార్యదర్శి మారినా ఈ కాగితం మిగులుతుంది.

ఏడాదికి రెండుసార్లు

లింకు ఇచ్చి వదిలేయకూడదు. 2013లో ఉన్న వెబ్ పేజీలలో 38 శాతం పదేళ్ల తరువాత తెరుచుకోలేదని అమెరికా ప్యూ పరిశోధన సంస్థ 2024లో తెలిపింది. ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి మీ లింకులన్నీ నొక్కి చూడండి. తెరుచుకోనివి తీసేయండి, దారి మళ్లినవి వెంటనే తొలగించండి.

మీ డొమైన్ గడువు తేదీని ఒక్కరి ఫోనులో కాకుండా కార్యవర్గ సమావేశ పుస్తకంలో రాయండి. వీలైతే ఒకేసారి కొన్నేళ్లకు డబ్బు కట్టండి. ఖాతా వ్యక్తి పేరిట కాకుండా సంఘం ఈమెయిలుతో ఉండాలి. మీ డొమైన్ పోతే మీకు లింకు ఇచ్చిన సంఘాలన్నీ తెలియకుండానే జూదం సైటుకు పూచీ పడతాయి.

ఇప్పటికే చిక్కులో పడితే

గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో మీ సైటును నమోదు చేసుకోండి. గూగుల్ సిబ్బంది చర్య తీసుకుని ఉంటే మాన్యువల్ యాక్షన్స్ అనే విభాగంలో కనిపిస్తుంది. మీ వైపు నుంచి పోయే చెడు లింకులు తీసివేసి లేదా నోఫాలో పెట్టి, ఏం సరిచేశారో రాసి పునఃపరిశీలన కోరవచ్చు. ఎవరో అపరిచితులు మీకు చెత్త లింకులు ఇస్తే కంగారు అక్కర్లేదు. అలాంటి వాటిని చాలావరకు గూగుల్ లెక్కలోకి తీసుకోదు. 2012లో వచ్చిన డిసావో సాధనం చివరి మార్గం మాత్రమే. తెలియకుండా వాడితే మంచి లింకుల విలువ కూడా పోతుంది. "వారంలో మొదటి పేజీకి తెస్తాం" అనేవారికి డబ్బు ఇవ్వకండి.

కాదనడానికి ఒక నమూనా

"నమస్కారం. మా సైటులో మా ప్రాంత తెలుగువారికి నేరుగా పనికొచ్చే సమాచారానికే లింకులు ఇస్తున్నాం. ఇది మా కార్యవర్గ నిర్ణయం. మీ సైటులో అలాంటి పేజీ ఉంటే దాని చిరునామా పంపండి, పరిశీలిస్తాం. ప్రతిగా మాకు లింకు ఇవ్వనవసరం లేదు."

చివరి వాక్యం ముఖ్యం. బదులు ఆశించని లింకే నిజమైన పూచీ. తెలుగులో మన ప్రాంతాల గురించి రాసే సైట్లు తక్కువ కాబట్టి బెంగళూరు, చెన్నై, బరంపురం, షోలాపూర్, యానాం సంఘాలు ఒకరి ఉపయోగకరమైన పేజీని మరొకరు నిజాయతీగా చూపితే ఆ కొద్ది లింకులే చాలు. వెతికే కుటుంబానికి దారి దొరుకుతుంది.