జిల్లా పరిషత్ ఎన్నికలు - అయిదేళ్ళ లెక్క

రానున్న జిల్లా పరిషత్ ఎన్నికలను గురించి మన సంఘ కార్యాలయంలో ఈ మధ్య తరచుగా చర్చ జరుగుతున్నది. ఎవరికి టిక్కెట్టు, ఏ జిల్లా ఏ రిజర్వేషనులోకి పోతుంది అనే మాటలే ఎక్కువ. ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు ఈ ఎన్నికల పూర్వాపరాలే వ్రాద్దామనిపించింది. మొదట సమితి ఆఫీసులోను, తరువాత జిల్లా పరిషత్తులోను గుమాస్తాగా పనిచేసినవాడిని గనుక ఇందులో కొంత కళ్ళారా చూసినదీ ఉన్నది.

జిల్లా పరిషత్తులకు పూర్వరూపం జిల్లా బోర్డులు. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానం చేసిన తరువాత, 1884లో మద్రాసు లోకల్ బోర్డుల చట్టం వచ్చింది. పేరుకు స్వపరిపాలనే గాని మొదట్లో అధ్యక్షపీఠం మీద కూర్చున్నది కలెక్టరు దొరగారే. 1920 చట్టంతో ఎన్నికలకు ప్రాధాన్యం పెరిగింది. అప్పటికీ పన్ను కట్టే స్తోమత ఉన్నవారికే ఓటు. కూలినాలి జనానికి జిల్లా బోర్డు అంటే రోడ్డు పక్కన కంకర గుట్ట, అంతే.

బల్వంతరాయ్ మెహతా సంఘం 1957లో నివేదిక ఇచ్చింది. 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లోను, అదే నెల 11న మన రాష్ట్రంలో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లోను నెహ్రూగారు పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. అప్పటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి గారు. 1959 నవంబరు 1 నుండి చట్టం అమలులోకి వచ్చింది. జిల్లా పరిషత్తులో సమితి అధ్యక్షులందరూ సభ్యులు. శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులకూ స్థానముండేది. చైర్మన్‌ను సభ్యులే ఎన్నుకునేవారు. అయినా స్థాయీ సంఘాలకు అధ్యక్షుడు మళ్ళీ కలెక్టరే. ముందు గుమ్మంలోనుండి పంపించిన దొరగారిని దొడ్డిదారిన పిలిచి కుర్చీ వేసినట్లయిందని మా ఆఫీసులో ఒక పెద్దాయన అంటుండేవారు.

1964లో, 1970లో ఎన్నికలు జరిగాయి. ఆ తరువాతవి 1981లో. అంటే పదకొండేళ్ళు! ఖమ్మం జిల్లా పరిషత్ చైర్మన్‌గా పనిచేసి పైకి వచ్చిన జలగం వెంగళరావు గారు 1973 నుండి 1978 దాకా ముఖ్యమంత్రిగా ఉన్నారు. పంచాయతీరాజ్ లోగుట్టు ఆయనకు తెలిసినంతగా తెలిసినవారు తక్కువ. ఆయన హయాంలోనూ ఈ ఎన్నికలు జరగలేదు.

గడువు తీరిన పాలకవర్గాల స్థానంలో ప్రత్యేకాధికారులు వచ్చిన ఆ కాలాన్ని నేను సమితి ఆఫీసు బల్లముందు కూర్చుని చూశాను. పాలకవర్గం ఉన్నప్పుడు మీటింగు అంటే వారం ముందునుండే హడావుడి. స్టెన్సిల్ కోయడం, సైక్లోస్టైల్ తీయడం, బంట్రోతుతో ఊరూరా ఎజెండా పంపించడం. మీటింగులో మా ఊరి బావి ఏమైంది, మా బడి కప్పు ఏమైందని సర్పంచులు లేచి నిలబడేవారు. బి.డి.ఓ. గారికి చెమటలు పట్టేవి. ప్రత్యేకాధికారి వచ్చాక ఆ గొడవ లేదు. మినిట్సు పుస్తకంలో తీర్మానం వ్రాసి నేను లోపలికి పట్టుకువెళితే ఆయన సంతకం చేసేవారు. ప్రతిపాదించినవారూ, బలపరచినవారూ, ఏకగ్రీవంగా ఆమోదించినవారూ ఆయనొక్కరే. ఫైళ్ళు చకచకా కదిలిన మాట నిజం. ఆ అధికారుల్లో నిజాయితీపరులూ ఉన్నారు. కాని బావి సంగతి అడగడానికి వచ్చిన రైతు మీటింగు హాలులోకి కాక, వరండాలోకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడవలసి వచ్చింది. ఈ తేడా ఏ ఆడిట్ రిపోర్టులోనూ కనబడదు.

ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం సమితులను తీసివేసి మండలాలను తెచ్చింది. 1986 చట్టం ప్రకారం 1987లో జరిగిన ఎన్నికలలో జిల్లా పరిషత్ అధ్యక్షుణ్ణి జిల్లా ఓటర్లంతా నేరుగా ఎన్నుకున్నారు. పార్లమెంటు అభ్యర్థికంటె పెద్ద నియోజకవర్గం తిరగవలసి వచ్చింది పాపం. వెనుకబడిన తరగతులకు, మహిళలకు రిజర్వేషన్లు పెట్టినందువల్ల కొత్త ముఖాలు కనబడ్డాయి. ఇంతమంది ఓట్లతో గెలిచిన అధ్యక్షుడంటే శాసనసభ్యులకు కొంత కంటగింపుగానే ఉండేదని నా అభిప్రాయం. 1994 చట్టంతో ఆ పద్ధతి పోయింది. మండలానికొక జడ్పీటీసీ సభ్యుణ్ణి ప్రజలు ఎన్నుకుంటే, వారు చేతులెత్తి చైర్‌పర్సన్‌ను ఎన్నుకుంటారు.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. అయిదేళ్ళ గడువు ముగియకముందే ఎన్నికలు పూర్తి కావాలని అందులో స్పష్టంగా ఉన్నది. గుమాస్తా బుద్ధి పోదు గనుక ఒక కూడిక తీసివేత చేశాను. ఎన్నికల సంవత్సరాలు 1959, 1964, 1970, 1981, 1987, 1995, 2001, 2006, 2014, ఆపైన ఆంధ్రప్రదేశ్‌లో 2021. మధ్య ఎడం వరుసగా 5, 6, 11, 6, 8, 6, 5, 8, 7 ఏళ్ళు. తొమ్మిదింటిలో అయిదేళ్ళకు జరిగినవి రెండే. రాజ్యాంగ సవరణ తరువాతి లెక్క తీసినా నాలుగింటిలో ఒక్కటి.

కారణాలు ప్రతిసారీ ఉంటాయి. మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటరాదని 2010లో సుప్రీంకోర్టు చెప్పిన తరువాత వచ్చిన పేచీతో 2011లో ముగిసిన గడువు 2014 దాకా సాగింది. 2020 మార్చిలో కరోనా వచ్చి నడుస్తున్న ఎన్నిక ఆగింది. 2021 ఏప్రిల్ 8న పోలింగు జరిగినా కోర్టు వ్యాజ్యాలవల్ల లెక్కింపు సెప్టెంబరు 19న గాని కాలేదు. అయిదు నెలలకు పైగా ఓట్లు పెట్టెల్లోనే ఉన్నాయి. తెలంగాణలో 2019 మేలో ఎన్నికైనవారి గడువు 2024 జూలైలో ముగిసింది. 2025 సెప్టెంబరులో షెడ్యూలు వచ్చింది. వెనుకబడిన తరగతుల 42 శాతం రిజర్వేషను ఉత్తర్వుపై అక్టోబరు 9న హైకోర్టు స్టే ఇవ్వడంతో అదీ ఆగింది. వెనుకబడినవారికి వాటా పెరగాలన్న కోరిక న్యాయమైనదే. ఆ తగవు గడువు తీరడానికి రెండేళ్ళు ముందే ఎందుకు మొదలుపెట్టరన్నది నా ప్రశ్న.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 సెప్టెంబరు 25న చైర్‌పర్సన్లు ఎన్నికయ్యారు. ఆ లెక్కన అయిదేళ్ళు 2026 సెప్టెంబరులో నిండుతాయి. ఇక్కడ ఇంకొక చిక్కు కూడా ఉన్నది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుండి 26 అయినా, జిల్లా పరిషత్తులు పాత 13 గానే సాగాయి. పరిషత్తును విడదీయడమంటే బోర్డు మార్చడం కాదు. ఆస్తులు, అప్పులు, సిబ్బంది సీనియారిటీ, హైస్కూళ్ళు, ప్రావిడెంటు ఫండు ఖాతాలు, అన్నీ పంచాలి. 1985లో మండలాలు వచ్చినప్పుడు సమితి రికార్డులు పంచుకోవడానికి పడిన అవస్థ మన సభ్యుల్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

మనలో పట్టణాల్లో స్థిరపడినవారికి ఈ ఎన్నికలలో ఓటు లేదు. పల్లెల్లో ఉన్న సభ్యులకు రెండు ఓట్లు, ఒకటి ఎంపీటీసీకి, రెండవది జడ్పీటీసీకి. జాబితా పంచాయతీ ఆఫీసులో పెట్టగానే పేరు ఉన్నదీ లేనిదీ చూసుకోవలసిందని మనవి. పింఛను పుస్తకంలో పేరున్నంత మాత్రాన ఓటర్ల జాబితాలో ఉంటుందని లేదు.