పెళ్లి అయిపోయింది, రైలు ఆగలేదు

1920 డిసెంబరు 24. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం. పిట్స్‌బర్గ్ నుంచి ఈశాన్యంగా 80 మైళ్లు పోతే బ్రూక్‌విల్ వస్తుంది. ఒకప్పుడు కలప వ్యాపారం మీద బతికిన చిన్న ఊరు. క్రిస్మస్ ముందు రోజు కావడంతో ఊరంతా హడావుడిగా ఉంది. బౌడిష్ గారింట్లో ఆ హడావుడి రెండింతలు. ఇంట్లో పెళ్లి మరి.

పెళ్లికొడుకు సోదరుడు చార్లెస్ బౌడిష్. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లి, ఆరోగ్యం పోగొట్టుకుని ఇల్లు చేరినవాడు. పెళ్లికి వచ్చినవాళ్లు సరదాగా చూస్తారని తన చేత్తో చేసిన బుల్లి ఊరినీ, బుల్లి రైలునూ ఇంట్లో అమర్చాడు. ఆ పూటకే అనుకున్నాడు.

ఆ గదిని ఒకసారి ఊహించుకోండి. గట్టి కాలర్లు బిగించుకున్న మగవాళ్లు, మంచి బట్టలు నలుగుతాయని జాగ్రత్తపడుతున్న ఆడవాళ్లు. అటు వధూవరులున్నారు, ఇటు రైలుంది. కాసేపటికి ఒక్కొక్కరే ఇటు జరుగుతారు. బొమ్మ రైలును నిలబడి చూస్తే బాగుండదు. వంగాలి. కళ్లు పట్టాల ఎత్తుకు దిగితేనే అది నిజం రైలవుతుంది. ఆ సంగతి పిల్లలకు ముందే తెలుసు, పెద్దలకు మోకాళ్లు నొప్పి పుట్టాక తెలుస్తుంది.

కథంతా ఆ తర్వాత అడిగిన ఒక్క మాటతో మలుపు తిరిగింది. రేపు మావాళ్లనూ తీసుకొచ్చి చూపించొచ్చా అని ఓ అతిథి అడిగాడు. చార్లెస్ సరేనన్నాడు. ఆ మాట ఊళ్లో పాకింది. రెండు నెలలు తిరిగేసరికి ఆ ఇంటి గుమ్మం తొక్కినవాళ్లు 600 మందికి పైనే. మంచు కాలం, బూట్ల నిండా బురద. ఆ ఇంట్లో నేల తుడిచినవాళ్లకు దండం పెట్టాలి.

మనకిది మరీ వింతేమీ కాదు. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో ఏటా ఒక్క కొత్త బొమ్మయినా చేర్చాలంటారు. పేరంటానికి పిలవనివాళ్లు కూడా పక్కింటి పిల్ల చెయ్యి పట్టుకుని వచ్చేస్తారు. చార్లెస్‌దీ అదే వరస. ఏటా క్రిస్మస్‌కు మళ్లీ అమర్చడం, ఏదో ఒకటి మార్చడం. ముప్ఫై ఏళ్లు దాటినా ఆ కొలువు ఆ ఊరు వదల్లేదు. 1954లో పిట్స్‌బర్గ్‌లోని బుల్ ప్లానెటేరియం దాన్ని తెచ్చి పెట్టుకుంది. 1992లో కార్నెగీ సైన్స్ సెంటర్‌కు చేరింది. ఏటా ఒక కొత్త నమూనా చేర్చే అలవాటు మాత్రం పోలేదు.

ఇప్పుడది 83 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పున్న బల్ల. దగ్గరికెళ్లి చూస్తే అసలు తమాషా తెలుస్తుంది. కొండల నిండా రెండున్నర లక్షల చెట్లు. ఏ కంపెనీలోనూ పోత పోసినవి కావు, అడవి హైడ్రేంజియా పూగుత్తులే. ఎండాక కోస్తే, సన్నటి కొమ్మల మీద రేకులు గుబురుగా నిలిచి అచ్చం చెట్టులాగే ఉంటాయి. ఫోర్బ్స్ ఫీల్డ్ అనే పాత బేస్‌బాల్ మైదానం కూడా అక్కడుంది. గ్యాలరీలో కిక్కిరిసిన జనం అనుకుని ముచ్చటపడేరు, అవన్నీ చెవిలో తిప్పుకునే దూది పుల్లలు! ఒక్కోదానికీ చేత్తో రంగు వేశారు. ఆ పనికి కూర్చున్నవాళ్ల ఓపిక చూస్తే నాకు మా అమ్మమ్మ వత్తులు చేసుకుంటూ కూర్చోవడం గుర్తొస్తుంది.

ఆ బల్ల మీద కాలం 1880ల నుంచి 1930ల దాకానే నడుస్తుంది. అందుకే ఇదే నగర శివారు పెన్ హిల్స్‌లో 1970లలో కట్టుకున్న మన వేంకటేశ్వరుడి గుడికి అందులో చోటు లేదు. స్వామి నలభై ఏళ్లు ఆలస్యంగా వచ్చారు.

లూనా పార్కు మాత్రం టైముకే వచ్చింది. 1905లో పిట్స్‌బర్గ్‌లో తెరిచిన వినోదాల తోట అది. వేలకొద్దీ కరెంటు దీపాలతో వెలిగి, 1909లోనే మూతపడింది. దానికి పోటీగా నిలిచిన కెన్నీవుడ్ ఇంకా నడుస్తోంది. 1898లో దాన్ని పెట్టింది ఓ ట్రామ్ కంపెనీ. సెలవు రోజుల్లో ట్రామ్‌లు ఖాళీగా తిరుగుతుంటే నష్టం కదా! అందుకని లైను చివర ఓ తోట పెట్టేస్తే జనమే టికెట్టు కొనుక్కుని ఎక్కుతారు. వ్యాపారమంటే అదీ.

అలా నేల మీద నాలుగేళ్లే బతికిన లూనా పార్కు బల్ల మీద ఇంకా వెలుగుతోంది. హాల్లో దీపాలు తగ్గించి రాత్రి చేస్తారు. కిటికీలు వెలుగుతాయి, తోట వెలుగుతుంది, రైలు ఇళ్ల వెనక్కి పోతుంది. కనబడకుండా పోగానే పిల్లలు అటు చివరికి పరుగెత్తి కాచుకుంటారు. వెనకాలే, ఏదో వాళ్లను పట్టుకోవడానికే వెళ్తున్నట్టు, పెద్దవాళ్లు.