ఉన్ని లేని గొఱ్ఱెలు – దారానికి తగ్గ శాలువ



మా ఉదయగిరి, ఆత్మకూరు సీమలో గొఱ్ఱెలకు కొదువ లేదు. భారతదేశపు గొఱ్ఱెజాతులలో మిక్కిలి పొడవైనది నెల్లూరు గొఱ్ఱె. తెల్లనిదానిని పల్ల అనీ, కండ్లచుట్టూ మూతిచుట్టూ నల్లమచ్చలున్నదానిని జోడిపి అనీ, ఎఱ్ఱని గోధుమవన్నె గలదానిని దొర అనీ అంటారు. ఇంత పేరుగల గొఱ్ఱెకు చెప్పుకోదగిన ఉన్ని లేదు! ఒంటినిండా పొట్టి వెంట్రుకలే. దూరాన్నుండి చూస్తే మేకయే అనిపిస్తుంది. దీనిని పెంచేది మాంసానికి. మందలెన్ని ఉన్నా ఈ గొఱ్ఱెతో గొంగళి పుట్టదు.

గొంగళికి మూలం దక్కనీ గొఱ్ఱె. తెలంగాణలోను, దక్కను పీఠభూమి పొడవునా పెరిగే ఈ జాతికి ముతకైన ఉన్ని, చాలవరకు నల్లనిది, ఉంటుంది. కురుమల ఇండ్లలో స్త్రీలు ఆ ఉన్నిని వడికితే పురుషులు నేసేవారు. పడుగుకు చింతగింజల గంజి పట్టించేవారు. ఆ గొంగళి కాపరికి వానలో ముసుగు, చలిలో దుప్పటి, రాత్రి పక్క, మధ్యాహ్నం ఆసనం. ‘ఎక్కడ వేసిన గొంగళి అక్కడే’ అన్న సామెతను మనం సోమరితనానికి వాడుతాము గాని, నిజమైన గొంగళి మందవెంట ఊళ్ళు తిరిగినదే.

గొంగళి మగ్గంమీద నేసినది. రెండు సూదులతో అల్లే శాలువ కథ వేరు. మగ్గం అక్కరలేదు, పడుగు సాగదీయనక్కరలేదు. అన్నిటికన్న సులువైన పద్ధతి ఇది: మూడు కుట్లతో మొదలుపెట్టి, ప్రతి వరుస ఆరంభంలోను ఒక కుట్టు పెంచుతూ, అన్ని వరుసలలోను ఒకే రకం కుట్టు వేసుకుపోవాలి. ముక్కోణపు శాలువ దానంతటదే విచ్చుకొంటుంది. దారం అయిపోవచ్చినపుడు కుట్లు ముగిస్తే సరి. సన్నదారానికి సన్నసూది, లావుదారానికి లావుసూది. లెక్క మాత్రం మారదు.

అయితే దారపు స్వభావం దాగదు. ఉన్ని సాగి మళ్ళీ ముడుచుకొంటుంది, గాలిని పట్టి వెచ్చదనమిస్తుంది. నూలుకు ఆ సాగుడు లేదు. బరువుకు క్రిందికి వ్రేలాడుతుంది, కాని చెమటను పీల్చుకొంటుంది. నెల్లూరు ఎండలకు నూలే తగినది. అల్లిక అంటే ఉన్నియే అనుకోవడం పొరపాటు. నేడు మిగిలియున్న అతిప్రాచీనపు అల్లిక వస్తువులలో ఈజిప్టు దేశపు నూలు మేజోళ్ళున్నాయి!

మన తెలుగునాట అల్లిక నూలుతోనే ప్రసిద్ధికెక్కింది. 1844లో మెక్‌రే అనే మిషనరీ దంపతులు నరసాపురం ప్రాంతపు స్త్రీలకు లేసు అల్లిక నేర్పారని ప్రతీతి. అది రెండు సూదుల పని కాదు. కొక్కెమున్న ఒక్క సూదితో చేసే క్రోషె. ఆ లేసు సముద్రాలు దాటి అమ్ముడుపోయింది. మరియా మీస్ అనే జర్మను సామాజికశాస్త్రవేత్త ఆ స్త్రీలను గూర్చి వ్రాసిన గ్రంథం 1982లో వెలువడింది. ఆమె ఎత్తిచూపినది ఇది: ప్రపంచపు అంగడికి సరుకు తయారుచేస్తున్న ఆ స్త్రీలను లోకం పనివారుగా లెక్కించలేదు. వారు ‘గృహిణులు’, వారి పని ‘తీరిక వేళల కాలక్షేపం’. వ్యాపారం, లాభం పురుషుల చేతిలో ఉండిపోయాయి.

ఉపాధ్యాయవృత్తిలో ఉండి నేను పెక్కు సన్మానసభలు చూశాను. వీడ్కోలునాడు నాకూ శాలువలు కప్పారు. జరీ మెరుపుల కృత్రిమదారపు శాలువలవి. మా ఎండలో పది నిమిషాలు భరించలేము. బీరువాలో పెట్టి, మరొకరి సన్మానానికి వాడేవారే ఎక్కువ. కప్పినవారి పేరు, కప్పించుకొన్నవారి పేరు పత్రికలో వస్తాయి. చేసినవారి పేరు ఎవరికీ తెలియదు.

ఇటీవల ఊళ్ళకు గౌరవం దక్కుతోంది. మా ఉదయగిరి కొయ్యగరిటెలకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2024లో నరసాపురం లేసుకూ లభించింది. సంతోషమే. కాని ఆ గుర్తింపు ఊరి పేరుకు. చేతుల పేర్లకు కాదు. మన ఇండ్లలో అమ్మమ్మలు, మేనత్తలు అల్లిన టేబులుగుడ్డలు, తలుపు తోరణాలు ఇంకా మిగిలియున్నాయి. వాటిని మడిచిపెట్టేముందు, ఎవరు అల్లారో, ఏ ఊరిలో, ఏ యేట అల్లారో ఒక చీటీమీద వ్రాసి జతచేయండి. రాజుల శాసనాలకు రాయి దొరికింది; ఈ చరిత్రకు ఆ చీటీ చాలు.

స్వస్తి.