చైన్ రంపం గొలుసు: వత్రాప్ చెట్లకు తగిన ఎంపిక

మోటారు రంపంలో చెట్టును కోసేది గొలుసే. ఇంజను దాన్ని తిప్పుతుంది, బార్ దానికి దారి ఇస్తుంది. ఎంత బలమైన ఇంజనైనా, చెట్టుకు సరిపడని గొలుసు తొడిగితే పెట్రోలు తగలబడుతుందే తప్ప పని సాగదు. తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల పాదాన ఉన్న వత్రాప్ పరిసరాల్లో ఈ ఎంపిక మరీ ముఖ్యం. పిలవక్కల్ జలాశయాల కింద కొబ్బరి, మామిడి తోటలు. పొలం గట్ల మీద తాటి, చింత. తూర్పున విరుదునగర్, ఆగ్నేయాన కోవిల్‌పట్టి దిక్కుకు పోయేకొద్దీ నల్లరేగడిలో సర్కారు తుమ్మ కంప. నాయకరాజుల కాలం నుంచి ఇక్కడ స్థిరపడిన తెలుగు రైతు కుటుంబాలు రోజూ చూసే చెట్లు ఇవే. ఒక్కోదాని కర్ర ఒక్కో తీరుగా ఉంటుంది.

ఈనాటి గొలుసుకు మూలపురుషుడు అమెరికాలో ఆరెగాన్ ప్రాంతపు కలప కార్మికుడు జోసెఫ్ కాక్స్. అంతకుముందు గొలుసులకు చేతిరంపం పళ్ళలాంటివే ఉండేవి. అవి కర్రను గీకేవి, త్వరగా మొద్దుబారేవి. కర్రను తొలిచే పురుగు తన దవడలతో కుడికీ ఎడమకీ మార్చి మార్చి కొరకడం గమనించిన కాక్స్ 1946లో ఆ పద్ధతిలో గొలుసు తయారుచేశాడు. కుడి పన్ను, ఎడమ పన్ను వంతులవారీగా వచ్చే ఆ అమరికే నేటికీ కొనసాగుతోంది.

గొలుసు కొనేటప్పుడు మూడు కొలతలు తప్పనిసరి. వీటిలో మన ఇష్టానికి చోటు లేదు. మొదటిది పిచ్: వరసగా ఉన్న మూడు రివెట్ల మధ్య దూరంలో సగం. 3/8 అంగుళం, 0.325 అంగుళం ఎక్కువగా కనిపిస్తాయి. ఇది స్ప్రాకెట్‌తో కలవకపోతే గొలుసు సరిగా తిరగదు. రెండోది గేజ్: బార్ గాడిలో దిగే లింకు మందం. 0.050, 0.058, 0.063 అంగుళాలవి వాడుకలో ఉన్నాయి. మందం ఎక్కువైతే గొలుసు గాడిలో దిగదు. తక్కువైతే ఊగుతూ వంకరగా కోస్తుంది. మూడోది డ్రైవ్ లింకుల సంఖ్య. 0.325 పిచ్‌లో 18 అంగుళాల బార్‌కు సాధారణంగా 72 లింకులు పడతాయి. కానీ ఒకే పొడవున్న బార్లకు కంపెనీని బట్టి సంఖ్య మారుతుంది కాబట్టి పాత గొలుసు లింకులు లెక్కపెట్టడమే నమ్మకమైన దారి. చాలా బార్ల మీద, ఇంజను దగ్గరి కొసన, ఈ మూడూ చెక్కి ఉంటాయి. 3/8లో లో ప్రొఫైల్ అనే చిన్న రకం వేరే ఉంది. పిచ్ పేరు ఒకటే అయినా పెద్ద 3/8 బదులు అది పనికిరాదు.

అసలు ఎంపిక పన్ను ఆకారంలో ఉంది. ఫుల్ చిజెల్ పన్నుకు మూల చతురస్రంగా, వాడిగా ఉంటుంది. శుభ్రమైన మెత్తని కర్రలో దాని వేగానికి సాటి లేదు. సెమీ చిజెల్ పన్ను మూల కాస్త గుండ్రన. వేగం కొంచెం తక్కువ, పదును మాత్రం చాలాసేపు నిలుస్తుంది. దుకాణాల్లో వేగం చూపి ఫుల్ చిజెల్ అంటగట్టడం తేలికే. కానీ మన్ను, ఇసుక అంటిన బెరడు తగిలిందంటే ఆ వాడి మూల ముందుగా పోతుంది. ఎండాకాలమంతా దుమ్ము లేచే ఈ నేలలో సెమీ చిజెల్‌దే పైచేయి.

సర్కారు తుమ్మను చూస్తే ఆ సంగతి స్పష్టమవుతుంది. 19వ శతాబ్దం చివరి పాదంలో కడప జిల్లాలో నాటిన ఈ విదేశీ చెట్టు తర్వాత దక్షిణాదంతా కమ్ముకుంది. విరుదునగర్, రామనాథపురం జిల్లాల్లో బొగ్గు బట్టీలకు ఇదే ముడిసరుకు. దీన్ని తొలగించమని 2017లో మద్రాసు హైకోర్టు మదురై బెంచి ఆదేశించినప్పుడు ఊరూరా రంపాలు మోగాయి. కర్ర గట్టిది, మొదలు నేలబారుగా గుబురుగా చీలుతుంది, కోత మట్టికి ఆనుకునే సాగుతుంది. దీనికి 14 లేదా 16 అంగుళాల బార్, సెమీ చిజెల్ గొలుసు చాలు. పొడవు బార్ కొస నేలకో పక్క కొమ్మకో తగిలి రంపం వెనక్కి ఎగదన్నే ప్రమాదం ఉంది. కొత్తవారు ఆ తన్నును తగ్గించే గొలుసు అడిగి తీసుకోవాలి.

కొబ్బరి, తాటి మాన్ల తీరు వేరు. వెలుపలి పొర గట్టిగా, లోపలి భాగం మెత్తగా ఉంటుంది. పీచు స్ప్రాకెట్ మూత కింద చుట్టుకుపోతుంది కనుక మాటిమాటికీ ఆపి శుభ్రం చేయాలి. పండిన తాటి వెలుపలి పొర పన్నును త్వరగా అరగదీస్తుంది. ముదురు చింత, మామిడి మొద్దులకు 3/8 పిచ్, పెద్ద ఇంజను కావాలి. మొద్దును నిలువునా చీల్చి పలకలు తీయాలంటే అడ్డకోత గొలుసు పనికిరాదు. దాని పన్ను సుమారు 30 డిగ్రీల కోణంలో ఉంటుంది. నిలువుకోతకు 10 డిగ్రీల దగ్గర ఉన్నది వాడితే పలక నునుపుగా వస్తుంది.

గొలుసు నుంచి తరకలు రాలినంతసేపు పదును ఉన్నట్టు. సన్నని పిండి రాలితే ఆకురాయి పట్టే వేళయింది. 0.325 పిచ్‌కు 4.8 మిల్లీమీటర్ల గుండ్రని ఆకురాయి, లో ప్రొఫైల్‌కు 4 మిల్లీమీటర్లది వాడాలి. పన్నుకు ముందున్న గడ్డను కూడా అప్పుడప్పుడు కొలిచి అరగదీయాలి. అది పన్ను అంచుకన్నా సుమారు 0.025 అంగుళం కిందికి ఉండాలి. దాన్ని మరిచిపోతే పన్ను ఎంత వాడిగా ఉన్నా కర్రలోకి దిగదు. గొలుసుకు వాడేసిన ఇంజనాయిల్ పోసే అలవాటు మానాలి: అందులోని లోహపు రజను బార్‌ను, పంపును తినేస్తుంది, మిగిలింది పొలంలోకి చేరుతుంది.

కోతకు ముందు చట్టాన్నీ చూసుకోవాలి. వత్రాప్ పడమటి కొండలు 2021లో ప్రకటించిన శ్రీవిల్లిపుత్తూరు–మేగమలై పులుల అభయారణ్యం పరిధిలోవి; అక్కడ చెట్టు కోయడం నేరం. సొంత పొలంలోని తాటిచెట్టును నరకడానికి సైతం జిల్లా కలెక్టరు అనుమతి తప్పనిసరి అని తమిళనాడు ప్రభుత్వం 2021లో ప్రకటించింది.