తండాల నేల, రాష్ట్రాల గీత

గంగాపురము చెన్నకేశవాలయపు చాళుక్య శాసనములను, ఆల్వాన్‌పల్లిలోని గొల్లత్తగుడిని చూపి మన ఊరి ప్రాచీనతను చాటుకొనుట జడ్చర్ల, బాదేపల్లి వాసులకు పరిపాటి. నాకును అది గర్వకారణమే. కాని ఆ గర్వమునుండియే, శాసనమెక్కినవారు స్థానికులనియు, ఎక్కనివారు నిన్నమొన్నటి వలసవారనియు ఒక దుర్వాదము పుట్టి మన చుట్టుపట్ల తండాలపైకి మళ్లినది. లంబాడీలు మొగలు దండుల వెంట వచ్చి నిలిచిపోయినవారని చెప్పి వారి ప్రసక్తి నంతటితో ముగించువారి మాటను నేనంగీకరింపను.

దండులకు ధాన్యము మోసినమాట నిజమే. అయితే దండులు పోయిన తరువాతను ఎద్దుల మందలపై ఉప్పు, ధాన్యము తెచ్చి దక్కను సంతలను నిలిపినవారు వారే. రోడ్లు, రైళ్లు వచ్చి ఆ బేరము కూలిన పిదప, ఎద్దులు మేసిన మెట్టలలోనే గుడిసెలు వేసి జొన్న, ఆముదము విత్తుకొనిరి. వానకారున తండాకు పోయి శీతలభవాని పండుగ చూడుడు: తండా వెలుపల ఏడుగురు దేవతలకు ఏడు రాళ్లు వరుసగా నిలిపి, నైవేద్యము పెట్టి, దాని మీదుగా పశువుల మందను దాటింతురు. నేలతో సంబంధము లేని జనము పసులకొరకు ఇట్టి మ్రొక్కు మ్రొక్కదు. గంగాపురపు శిల ఎంత సాక్ష్యమో ఈ రాళ్లును నాకంత సాక్ష్యమే.

ప్రతివాదులు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫును ముందు నిలుపుదురు. 1976 నాటి సవరణచట్టముచేత తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగలలో చేరిన పిమ్మట, మహారాష్ట్రమునుండి ఆదిలాబాదునకు వచ్చి గోండుల భూములలో పాదము మోపిన లంబాడీలనుగూర్చి ఆయన కటువుగా వ్రాసెను. గోండుల దుఃఖము సత్యము. అక్కడ ఆయన మాటను త్రోసిపుచ్చలేము. దానిని తెచ్చి మన పాలమూరు (మహబూబునగరు) తండాలకు అంటగట్టుట మాత్రము అన్యాయము. ఆ వలసకు సరిహద్దు గీతయే మూలమని గ్రహింపకుండుట అంతకు మించిన దోషము.

1956 నవంబరు 1కి ముందు రాయచూరు, గుల్బర్గా, నాందేడు, మహబూబునగరు ఒకే హైదరాబాదు రాష్ట్రములోనివి. ఆనాటి విభజనలో రాయచూరు జిల్లానుండి గద్వాల, ఆలంపూరు తాలూకాలును, గుల్బర్గానుండి కొడంగల్లును మన జిల్లాలో కలిసెను. రాయచూరు, గుల్బర్గాలు మైసూరునకు, మరాఠ్వాడా బొంబాయికి పోయెను. భాషనుబట్టి ఎల్లలు నిర్ణయించినవారు తెలుగు, కన్నడము, మరాఠీల నెంచిరేగాని తండాలలో లంబాడీలు మాటలాడు గోర్‌బోలీని ఎంచలేదు. ఫలితముగా, ఒకే గోత్రపు అన్నదమ్ములలో గద్వాలలో నున్నవాడు నేడు షెడ్యూల్డు తెగ, రాయచూరులో నున్నవాడు షెడ్యూల్డు కులము, నాందేడులో నున్నవాడు విముక్త జాతి! నార్వే, స్వీడనుల సరిహద్దును 1751లో ఖాయపరచినప్పుడు, సామీ జనులు రెయిన్‌డీరు మందలతో ఇరువైపుల తిరుగు హక్కును సంధిపత్రమునకే అనుబంధముగా వ్రాసిరి. రెండువందల యేండ్ల పిదప మన పాలకులకు అంతపాటి తలంపు కలుగకపోవుట నన్ను నేటికిని బాధించును.

పోనీ, గుర్తింపు వచ్చినందున మన తండాలకు నేల దక్కెనా? గిరిజన భూములు ఇతరుల పాలు గాకుండ కాపాడు 1959 నిబంధనయు, దానిని బిగించిన 1970 సవరణయు (1/70 అని వాడుక) షెడ్యూల్డు ప్రాంతములకే చెల్లును. ప్రభుత్వము సైతము అట్టి ప్రాంతములలో ప్రైవేటు కంపెనీలకు భూములీయరాదని సుప్రీంకోర్టు 1997లో సమతా కేసున తీర్పు చెప్పినది. మన పూర్వ జిల్లాలో ఆ రక్షణ అమ్రాబాదు వైపు చెంచు పల్లెలకు అందినదేగాని జడ్చర్లకు అందలేదు. అందువలననే జడ్చర్ల చెంతనున్న పోలేపల్లిలో దళితుల, లంబాడీల పట్టా చేలును, ప్రభుత్వము పేదలకిచ్చిన అసైన్డు భూములును కలిసి సుమారు వేయి యెకరములు, ముందు పారిశ్రామిక వాడ పేరను, తరువాత ప్రత్యేక ఆర్థిక మండలి పేరను పోయినప్పుడు, తండావారికి 1/70 అండ లేకపోయెను. చేలు పోగొట్టుకొన్నవారు మందుల కంపెనీల గోడల వెలుపల కూలికి నిలిచిరి. నిలిచి ఊరకుండలేదు, 2008 జడ్చర్ల ఉపయెన్నికలో వారే స్వతంత్ర అభ్యర్థులై నామినేషన్లు వేసి, మనలను ఓట్లడిగిరి. పరాయివారని మనము పిలిచినవారు ఈ నేలకొరకు చేసిన ఆ పోరు జడ్చర్ల చరిత్రలో చేరవలసినదే.