ఉప్పుడు బియ్యం పరిశోధన (ఖరగ్‌పూర్)

పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లో, ఐఐటీ వ్యవసాయ, ఆహార ఇంజనీరింగ్ విభాగం కేంద్రంగా ఉప్పుడు బియ్యం తయారీపై జరిగిన శాస్త్రీయ కృషి, మిల్లర్లకు దాన్ని చేరవేసే ప్రయత్నం ఈ వ్యాస విషయం. వడ్లు నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఆపై మర పట్టే ఈ పద్ధతి చాలా పాతది; ఎక్కడ మొదలైందో తేల్చే ఆధారాలు లేవు. మైసూరు, యాదవ్‌పూర్ పరిశోధనలను పక్కన పెట్టి ఖరగ్‌పూర్ కృషిని అంచనా వేయడం కుదరదు.

పూర్వరంగం

వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న తూర్పు తీర రైలుమార్గం 1902 ప్రాంతంలో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల కూలీలు, పనివాళ్లు ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకు, రైల్వే కాలనీలకు తరలిరావడానికి ఈ దారి తోడ్పడింది. తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించడం వెనుక ఉన్నది ప్రధానంగా ఈ జనాభాయే. వీరు వచ్చింది పచ్చి బియ్యం తినే తీరం నుంచి, చేరింది ఉప్పుడు బియ్యం తినే నేలకు.

పోషకాహార చరిత్రలో ఈ తేడాకు పెద్ద స్థానమే ఉంది. మరపట్టిన పచ్చి బియ్యం తినే ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి తరచూ కనిపించేది. ఉప్పుడు బియ్యం తినే తమిళ, బెంగాలీ ప్రాంతాల్లో అది అరుదు. మలయాలో వైద్యులు ఫ్లెచర్, ఆపై ఫ్రేజర్, స్టాంటన్ 1905–1910 మధ్య రెండు రకాల బియ్యాన్నీ వేర్వేరు బృందాలకు పెట్టి చూడగా, తెల్ల బియ్యం తిన్నవారిలోనే జబ్బు కనిపించింది. కూనూరు పోషకాహార ప్రయోగశాలలో రాబర్ట్ మెక్‌కారిసన్ 1924లో సర్కారు జిల్లాల బెరిబెరిని పరిశీలించారు గానీ, విటమిన్ లోపం ఒక్కటే కారణమని ఒప్పుకోవడానికి వెనుకాడారు. అదే ప్రయోగశాలకు తర్వాత నాయకత్వం వహించిన అయ్‌క్రాయిడ్ బృందం 1940 నాటి అధ్యయనంలో ఉప్పుడు బియ్యం వైపు మొగ్గింది. తర్వాత వచ్చిన సాక్ష్యం కూడా వీరి పక్షానే ఉంది. నానేటప్పుడు, ఆవిరి పట్టేటప్పుడు తవుడులోని థయమిన్ కొంత గింజ లోపలికి దిగుతుంది. పిండిపదార్థం ఉడికి బిగుసుకోవడంతో మర పట్టినా, కడిగినా అది పూర్తిగా పోదు. ఆ ప్రయోగశాలే హైదరాబాదుకు తరలి 1969లో జాతీయ పోషకాహార సంస్థగా మారింది.

ఐఐటీలో

హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో 1951లో మొదలైన ఐఐటీకి 1952లో వ్యవసాయ ఇంజనీరింగ్ విభాగం వచ్చింది. దీన్ని దేశంలోనే మొదటిదిగా కొన్ని పుస్తకాలు చెబుతాయి. అలహాబాద్ వ్యవసాయ సంస్థలో మేసన్ వా 1942లోనే డిగ్రీ కోర్సు ప్రారంభించారు కనుక, ఐఐటీల్లో మొదటిది అనడం సబబు. 1970లలో ఇక్కడ వరి ప్రాసెసింగ్ కోసమే ఒక ప్రత్యేక కేంద్రం పనిచేసింది. తర్వాత దాని పరిధి విస్తరించి పంటకోత అనంతర సాంకేతిక కేంద్రంగా మారింది. అమలేందు చక్రవర్తి ఇక్కడి ఆచార్యులే. తృణధాన్యాలు, పప్పులు, నూనెగింజల పంటకోత అనంతర సాంకేతికతపై ఆయన రాసిన పుస్తకం దేశమంతా పాఠ్యగ్రంథమైంది.

ఈ కేంద్రం నేరుగా రైతు ఇంటికి వెళ్లడం కంటే మిల్లు యజమానులకు, సాంకేతిక సిబ్బందికి స్వల్పకాలిక శిక్షణ ఇవ్వడంపై ఎక్కువ దృష్టి పెట్టింది. ఆహార సురక్షితత్వం కోణం నుంచి చూస్తే ఇది సరైన ఎంపికే అనిపిస్తుంది. వడ్లు మిల్లు గేటు దాటాక వచ్చే చెడుగును పొలంలో సరిదిద్దడానికి వీలుండదు కదా!

నానబెట్టే తొట్టి

పాత పద్ధతిలో వడ్లను సిమెంటు తొట్టిలో చన్నీళ్లలో రెండు మూడు రోజులు ఉంచేవారు. రెండో రోజుకే నీటిపై నురుగు తేలి, తొట్టి పులిసిన కంపు కొట్టేది. వండిన అన్నానికీ అదే వాసన అంటేది. పులియబెట్టేవి బాక్టీరియా, వాటి వెనుక బూజులు కూడా చేరడంతో, ఆరబెట్టడం ఆలస్యమైతే అఫ్లటాక్సిన్ ప్రమాదం పెరుగుతుంది. మైసూరు కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన వేడినీటి పద్ధతిలో 65–70 డిగ్రీల సెల్సియస్ నీటిలో మూడు నాలుగు గంటలు చాలు. అంత వేడిలో బాక్టీరియా పెరగదు, వాసన రాదు. అంతకంటే వేడి పెంచితే మాత్రం ఊక విచ్చుకుని గింజ నోరు తెరుస్తుంది, రంగు మారుతుంది.

ఆరబెట్టడంలో మరో చిక్కుంది. ఆవిరి పట్టిన వడ్లలో తేమ 35 శాతం దాకా ఉంటుంది. నిల్వకు 14 శాతానికి దించాలి. ఒకే ఊపున దించితే 16 శాతం దాటాక గింజలో పగుళ్లు వచ్చి, మర పట్టగానే నూకలవుతుంది. భట్టాచార్య, ఇందుధరస్వామి 1967లో మైసూరులో చూపినట్టు, మధ్యలో కొన్ని గంటలు కుప్పపోసి ఉంచి రెండో విడత ఆరబెడితే నూకలు తగ్గుతాయి. వడ్ల బరువులో ఐదో వంతు ఊక. దాన్నే పొయ్యిలో కాల్చి ఆవిరి, వేడిగాలి పొందే కొలిమిల రూపకల్పనపై ఖరగ్‌పూర్‌లో గట్టి కృషి జరిగింది. కిలో వడ్లకు లీటరుకు పైగా వెలువడే నానబెట్టిన నీరు మాత్రం చాలాచోట్ల శుద్ధి కాకుండానే కాలువల్లో కలుస్తోంది.

ఆర్సెనిక్

బెంగాల్ భూగర్భ జలంలో ఆర్సెనిక్ ఉందని 1983లో కలకత్తా ఉష్ణమండల వైద్య పాఠశాల చర్మవైద్యుడు కె.సి. సాహా రోగులను చూసి గుర్తించారు. యాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో దీపంకర్ చక్రవర్తి బృందం దాని విస్తృతిని కొలిచింది. ఖరగ్‌పూర్ ఉన్న, లేటరైట్ నేల మీది పశ్చిమ మేదినీపూర్ ఆ బృందం లెక్కల్లో ప్రభావం లేని జిల్లాల్లో ఉంది. నదియా, ముర్షిదాబాద్, ఉత్తర 24 పరగణాలు తీవ్ర ప్రభావిత జాబితాలో ఉన్నాయి. ఖరగ్‌పూర్ వాసి తినే బియ్యం మాత్రం జిల్లా సరిహద్దును పట్టించుకోదు.

కలుషితమైన బోరు నీటిలో నానబెడితే ఉప్పుడు గింజలో ఆర్సెనిక్ పెరుగుతుందని యాదవ్‌పూర్ అధ్యయనాలు చూపాయి. అంటే విటమిన్‌ను గింజలోకి దింపిన నీరే విషాన్ని కూడా దింపగలదు. ఇంట్లో వండే తీరులోనూ ఇలాంటి చిక్కే ఉంది. మంచి నీటితో బియ్యం బాగా కడిగి, ఎక్కువ నీటిలో వండి గంజి వార్చితే ఆర్సెనిక్ సగం దాకా పోతుంది. దాంతో పాటే బి విటమిన్లు కూడా పోతాయి. అత్తెసరు పెడితే రెండూ మిగులుతాయి. పోషకాహార ప్రచారాలు చాలాకాలం గంజి వార్చవద్దనే చెప్పాయి. బెంగాల్ ప్రభావిత జిల్లాల్లో ఆ సలహాను యథాతథంగా కొనసాగించడం తగదు. మరపట్టిన బియ్యంలో అకర్బన ఆర్సెనిక్ కిలోకు 0.2 మిల్లీగ్రాములు దాటకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 2014లో హద్దు పెట్టింది.

తెలుగు రాష్ట్రాలతో సంబంధం

తెలంగాణలో యాసంగి వడ్లు ఎండల్లో పగుళ్లు పట్టి, పచ్చిగా మర పడితే నూకలు ఎక్కువగా వస్తాయి. అందుకే అక్కడి మిల్లులు బాయిల్డ్ రైస్‌కు, అంటే ఉప్పుడు బియ్యానికి మళ్లాయి. 2021–22లో కేంద్ర ప్రభుత్వం దాన్ని కొననని చెప్పినప్పుడు ఆ విషయం రాజకీయ వివాదమైంది. ఆరోగ్యానికి మేలైన బియ్యం గిడ్డంగుల్లో పేరుకుపోవడానికి కారణం రుచి, అలవాటు: దక్షిణాన ఉన్న తమిళనాడు, కేరళ తమ అవసరాలకు సొంత ఏర్పాట్లు చేసుకోగా, తెలంగాణ వాళ్లే దాన్ని పెద్దగా తినరు. మరోవైపు, పోషకాల లోటు తీర్చేందుకు కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టు 15న ప్రకటించిన బలవర్ధక బియ్యం పథకంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన గింజలను నూటికి ఒకటి చొప్పున కలుపుతారు. పిండిని తిరిగి గింజ ఆకారంలోకి అచ్చు పోసే సాంకేతికతపై ఖరగ్‌పూర్‌లోనూ పరిశోధన జరిగింది. చౌకధరల దుకాణాల బియ్యంలోంచి ఆ గింజలను ‘ప్లాస్టిక్ బియ్యం’ అని ఏరి పారేస్తున్న ఘటనలు తెలుగు రాష్ట్రాల్లోనూ పత్రికలకెక్కాయి.